లైట్‌హౌస్ ఎక్కిన మా అమ్మ

మా వైపు ఆడవాళ్ళు కొబ్బరి చెట్టెక్కరు. కాయలు ఏరుతారు, మట్టలు ఈడుస్తారు, పీచు తీస్తారు, బుట్టలు నెత్తిన మోస్తారు. చెట్టు మాత్రం మగవాళ్ళది. రెండు నెలలకోసారి ముదిరిన కాయలు కోసి కిందికి దింపే రోజుని మేము దింపు అంటాం. ఆ రోజున నాన్న పైన ఉండేవాడు, అమ్మ కింద ఉండేది. కాయ మీద పడకుండా వారగా నిలబడి, మెడ నొప్పెట్టేలా తలెత్తి, ప్రతి దింపుకీ ఒకటే మాట అడిగేది.

"ఏటి కనపడతంది బావా?"

నాన్న ఆవిడకి సొంత బావేమీ కాదు, ఎక్కడో తిరగేసి కలుపుకున్న వరస. అయినా పెళ్ళైన రోజు నుంచీ బావా అనే పిలిచింది. నాన్న మాత్రం అమ్మని "ఒలే" అనేవాడు, నన్నూ "ఒలే" అనేవాడు. ఇద్దరం ఒకేసారి పలికితే, నిన్ను కాదు దాన్ని అని ఇద్దరినీ చూపించేవాడు.

అమ్మ ఆ మాట ఎందుకడిగేదో చెప్పాలంటే ఆవిడ పుట్టిల్లు ఎక్కడో చెప్పాలి. టెక్కలి దగ్గర రావివలస. అక్కడ అన్నీ వరి పొలాలు. వీధి అరుగు మీద కూర్చుంటే కనుచూపు మేర పచ్చగానో పసుపుగానో నేల పరుచుకుని, ఆ చివర కొండ కనిపిస్తుంది. దేవుడు కూడా గుడి కప్పు లేకుండా ఎండలోనే నిలబడ్డ ఊరు అది. అలాంటి చోట పెరిగిన పిల్లని తెచ్చి ఉద్దానంలో పడేశారు. మాదంతా తోటల దేశం. పైన కొబ్బరి, దాని కింద పనస, పక్కన జీడి, చుట్టూ మొగలి పొదల కంచె. పది అడుగుల అవతల ఎవరున్నారో గొంతు విని తెలుసుకోవాల్సిందే. మాకది చల్లదనం. అమ్మకి మాత్రం ఊపిరాడేది కాదట. ఆకాశం చూడాలంటే సముద్రపొడ్డుకి పోవాలి, కొత్త కోడలు సముద్రపొడ్డుకి పోతే అత్తగారు ఊరుకోదు.

మొదటి దింపు నాడు అమ్మ కాయలు ఏరుతూ ఏడ్చిందట. శబ్దం రాకుండానే ఏడ్చింది, అయినా నాన్నకి పైనుంచి తెలిసిపోయింది. పడమటి గట్టు మీద మాకొక పెద్ద చెట్టుండేది. తోట మొత్తానికీ అదే ఎత్తు. నాన్న దాని మొవ్వు దగ్గర కూర్చుని, కత్తి మట్టలో గుచ్చి, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పడమటికి చూశాడట.

"ఒలే, ఊరుకో. మీ ఊరు కనపడతంది" అన్నాడు.

"అబద్దం."

"అబద్దం నాకేల? అదిగో మీ ఎండల మల్లన్న. ఎవులో నీళ్ళు పోత్తన్నారు. మీ అమ్మ పెరట్లో బట్టలారేత్తంది."

అమ్మ ముక్కు చీదుకుని, "ఏ సీర?" అని అడిగింది.

"పచ్చది. ఎర్రంచు."

అంతే, ఏడుపు ఆగిపోయింది. ఈ కథ నేను నాన్న నోట ఒకలా, నాయనమ్మ నోట ఒకలా విన్నాను. చీర రంగు దగ్గర మాత్రం ఇద్దరికీ తేడా రాలేదు. అమ్మ నోట ఎప్పుడూ వినలేదు. ఆవిడ ముందు ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేది.

అది మొదలు, ప్రతి దింపుకీ ఆ పెద్ద చెట్టు మీంచి కబుర్లు దిగేవి. కాయలు ధబ్బు ధబ్బుమని పడుతుండగా మధ్యలో అమ్మ అడగడం, నాన్న చెప్పడం. మీ ఊళ్ళో నాట్లు పడతన్నాయి. మీ నాన్న కొత్త ఎడ్లు కొన్నట్టున్నాడు, ఒకటి కుంటుతంది. మీ తమ్ముడు అరుగు మీద కూకుని చుట్ట కాలుత్తన్నాడు, మీ నాన్న వొచ్చే వేళైంది, తంతాడు సూడు. అమ్మ కింద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నాన్న కాసేపు ఆగితే "ఇంకా?" అనేది. ఆ "ఇంకా?" అనే మాటకి మా నాన్న ఒక గెల ఎక్కువే కోసేవాడని నాయనమ్మ ఎత్తిపొడిచేది.

నేను ఆ కబుర్లు నమ్మి పెరిగాను. మా నాన్న చెట్టెక్కితే రావివలస దాకా కనపడుతుందని బళ్ళో గొప్పలు చెప్పి, నమ్మనివాళ్ళతో జుట్లు పట్టుకున్నాను. వేసవి సెలవులకి అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు తూర్పు వైపు తిరిగి చెయ్యి ఊపేదాన్ని, నాన్న చూస్తాడని. అమ్మమ్మతో పాటు తడి బట్టల బేసిన్ మోసుకుని వీధి చివర గట్టు దాకా నడిచి, తంగేడు పొదల మీద చీరలు ఆరేస్తూ కూడా చెయ్యి ఊపాను. అమ్మమ్మ, పిల్లకి ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుని మజ్జిగ తాగించింది.

అమ్మమ్మ పోయిన ఏడు మాత్రం ఒకటి జరిగింది. పెద్ద కర్మ అయిపోయి అమ్మ తిరిగొచ్చాక వచ్చిన మొదటి దింపు అది. నేను ఏడో తరగతిలో ఉన్నాను. నాన్న పెద్ద చెట్టెక్కాడు. అమ్మ అడగదనుకున్నాను. అడిగింది. మట్టలు గాలికి రాసుకుంటున్న చప్పుడే వినిపిస్తోంది. తర్వాత నాన్న, "మీ నాన్న అరుగు మీద ఒక్కడే కూకున్నాడు. ఓపాలి ఎల్లి సూసి రా" అన్నాడు. మర్నాడే దగ్గరుండి బస్సెక్కించాడు.

తర్వాత నేను చదువుకున్నాను. టెక్కలిలో పంతులమ్మనయ్యాను. సోషల్ చెప్పేదాన్ని. భూమి గుండ్రంగా ఉండటం వల్ల దూరంగా ఉన్నవి ఎందుకు కనపడవో బొమ్మ గీసి పిల్లలకి వివరిస్తూ, ఒక రోజు చాక్‌పీసు పట్టుకుని అలా నిలబడిపోయాను. మా తోటకీ రావివలసకీ మధ్య పలాస ఉంది, జీడి తోటలున్నాయి, కొండలున్నాయి. బస్సులో పోతే మూడు గంటలు. మా నాన్న ఇన్నేళ్ళూ మా అమ్మ చెవిలో పువ్వులు పెట్టాడన్నమాట. నాకు కోపం రాలేదు. క్లాసులో ఒక్కదాన్నే నవ్వుకుంటే పిల్లలు నా వంక వింతగా చూశారు.

ఆ తర్వాత తుపాను వచ్చింది. తొంభైల చివర్లో వచ్చిన ఆ తుపాను గురించి మా వాళ్ళు ఇప్పటికీ ఎక్కువ మాట్లాడరు, నేనూ మాట్లాడను. పొద్దున లేచి చూస్తే మా ఊరికి ఆకాశం వచ్చింది. అంతే చెబుతాను. పడమటి గట్టు మీద పెద్ద చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. పడిన దుంగలు తొలగిస్తుంటే ఒకటి దొర్లి నాన్న మోకాలి మీద పడింది. కాలు నిలిచింది గాని మోకాలు వంగడం మానేసింది. చేతికి కర్ర వచ్చింది. చెట్టెక్కే ముందు తలకి బిగించి చుట్టుకునే తుండు భుజం మీదకి దిగి అక్కడే ఉండిపోయింది.

కొత్త మొక్కలు నాటారు. మూడేళ్ళకి అవి నా నడుం దాకా వచ్చాయి. నాన్న తూర్పు వైపు మొక్కలకి నీళ్ళు పోసేవాడు, పాదులు చేసేవాడు. పడమటి గట్టు వైపు మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. అటు నీళ్ళు అమ్మే మోసేది. ఎందుకెళ్ళవని నేనొకసారి అడిగితే, "అక్కడేటున్నాదని" అన్నాడు. ఇల్లంతా నవ్వులతో నింపిన మనిషి మూడు పూటలా అన్నం తిని, కర్ర పట్టుకుని, అరుగు మీద కూర్చునే మనిషైపోయాడు.

నేను జీతంలోంచి ఇంటికి టీవీ కొన్నాను. యాంటెన్నా వెదురుగడకి కట్టి పైకి లేపితే సగం రోజులు ఒరియా వచ్చేది. అమ్మ అది కూడా చూసేది. భాష తెలిసినట్టే తల ఊపుతూ చూసేది. ఒక ఆదివారం నేనింట్లో ఉండగా ఏదో పరాయి దేశం చూపిస్తున్నారు. పెద్ద నగరం. నగరం మధ్యలో టీవీ టవరు. అల్లంత ఎత్తున దానికొక గుండ్రటి అద్దాల గది. జనం లిఫ్టులో పైకెళ్ళి, అద్దాలకి ముక్కులు ఆనించి, వేళ్ళతో చూపించుకుంటూ వాళ్ళ ఊరిని వాళ్ళే చూసుకుంటున్నారు.

"ఏటి సూత్తన్నారే వాళ్ళు?" అంది అమ్మ.

"వాళ్ళ ఊరే. వాళ్ళ ఇళ్ళెక్కడున్నాయో ఎతుక్కుంటన్నారు."

"ఆడోళ్ళు కూడా ఎక్కినారు."

"ఎక్కుతారు. టికెట్టు కొనుక్కుంటే ఎవరైనా ఎక్కొచ్చు."

అమ్మ టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "మనకి నేదేటి అలాటిది?"

ఇక్కడ పప్పులో కాలేసింది నేనే. నోరు మూసుకోవచ్చు కదా. పంతులమ్మని కదా, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండలేను. మనకి టవరు లేదు గాని లైట్‌హౌస్ ఉంది, సాయంత్రాలు జనాన్ని పైకి ఎక్కనిస్తారు, మా బళ్ళో పిల్లల్ని పోయినేడు తీసుకెళ్ళాం అని చెప్పాను. అమ్మ మొహం వెలిగింది.

"అయితే అక్కడ్నించి మా ఊరు కనపడతాది."

అరుగు మీద నాన్న చుట్ట వెలిగించుకుంటున్నాడు. అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలింది.

ఆ మర్నాడు పొద్దున్నే నేను టెక్కలి బస్సుకి బయల్దేరుతుంటే నాన్న నన్ను నూతి దగ్గరికి పిలిచాడు. నీళ్ళు తోడుతున్నట్టు చేద పట్టుకున్నాడు గాని తోడలేదు.

"ఒలే, దాన్ని ఆపు" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకంటే ఏటి సెప్పీది. నీకు తెలుసు కదే. నాను సెప్పినవన్నీ..." అని తాడు వేలికి చుట్టుకున్నాడు. "మొదట్లో ఏడుత్తందని సెప్పినాను. ఆపైన అది అడుగుతుంటే సెప్పకుండా ఉండలేకపోనాను. ముప్పయ్యేళ్ళు నమ్మింది నన్ను. అంతెత్తుకెల్లి సూసినాక అక్కడ ఏటీ నేదని తెలిత్తే, ఈడు నన్ను ఎర్రిదాన్ని సేసినాడనుకోదా? వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా సెప్పినాను కదే. దానికేటి సమాధానం సెప్తాను?"

నేను ఆటపట్టిద్దామనే నోరు తెరిచాను. ఆయన కళ్ళు చూసి మూసేశాను. మా నాన్న చెట్టు మీంచి జారినప్పుడు కూడా భయపడిన మొహం చూడలేదు, ఆ రోజు చూశాను. ఆయనకి మిగిలిందల్లా అదొక్కటే అని నాకప్పుడు తెలిసింది. చెట్టు పోయింది, మోకాలు పోయింది. ఆవిడకి తనిచ్చిన ఆ కబుర్లే మిగిలాయి. అవి కూడా ఒట్టివని తేలిపోతే ఇంక ఆ మనిషి లేవడు. సరే, ఆపుతానని మాటిచ్చాను.

మాటైతే ఇచ్చాను గాని మా అమ్మని ఆపడం ఎవరి తరం. నూట చిల్లర మెట్లమ్మా, ఆయాసం వస్తుంది అన్నాను. నెత్తిన బుట్టతో ఊరు నాలుగు చుట్లు తిరిగేదాన్ని, మెట్లు నాకో లెక్కా అంది. వానాకాలం ఎక్కనివ్వరు అన్నాను. వానాకాలం పోయే దాకా ఆగింది. రంగులేస్తున్నారు, మూసేశారు అన్నాను. పక్క ఊళ్ళో ఎవర్నో అడిగి, తెరిచే ఉందని కనుక్కుంది. "నువ్వెప్పుడు నేర్సుకున్నావే అబద్దాలు? మీ నాన్న పోలిక" అంది. అనేసి ఏమీ ఎరగనట్టు బియ్యం చెరుక్కుంటూ కూర్చుంది.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం ఆటో మాట్లాడాను. అమ్మ పెళ్ళికి వెళ్తున్నట్టు తయారైంది. పచ్చ చీర, ఎర్రంచు. నాన్న రానన్నాడు. నువ్వు రాకపోతే కింద ఎవులుంటారు అని అమ్మ అడిగితే ఎక్కి కూర్చున్నాడు. దారంతా కర్ర పిడి తిప్పుతూనే ఉన్నాడు. అమ్మ మాత్రం జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తుపాను తర్వాత మళ్ళీ లేచిన ప్రతి తోటనీ నాకు చూపిస్తూ, ఫలానా వాళ్ళది, ఫలానా వాళ్ళదని చెబుతూ కూర్చుంది. ఆవిడ అంత సంతోషంగా ఉండటం చూసి నేను నాన్న వైపు తిరగడం మానేశాను.

లైట్‌హౌస్ ఇసకలో నిలబడి ఉంది. అడ్డ పట్టీల రంగు వేసిన స్తంభం, పైన చుట్టూ కటకటాలు, వాటి పైన దీపం గది. గేటు దగ్గర ఖాకీ చొక్కా ఆయన టికెట్లు చింపాడు. ఇచ్ఛాపురం మనిషి, మాటలో కాస్త ఒరియా యాస ఉంది. నాన్న మోకాలు చూసి, "పెద్దాయనా, మీరు కిందనే ఉండండి" అన్నాడు. నాన్న సరేనన్నట్టు తలూపి, కర్ర చంకలో పెట్టుకుని, స్తంభాన్ని అరచేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. చెట్టెక్కే ముందు ఎప్పుడూ చేసే దణ్ణమే. ఖాకీ చొక్కా ఆయన ఇలాంటి యాత్రికుణ్ణి ఎప్పుడూ చూసినట్టు లేదు.

తర్వాత నాన్న అమ్మకి జాగ్రత్తలు మొదలుపెట్టాడు.

"సూడు, ఎక్కినప్పుడు కిందికి సూడకు. ఎండుమట్ట పట్టుకోకు, ఊడి సేతికొచ్చెత్తాది. సీమలు కుడితే సెయ్యి ఇడవకు. సగానికెల్లినాక ఓపాలి ఆగి ఊపిరి పీల్సుకో."

"ఇవి మెట్లు, పెద్దాయనా" అన్నాడు ఖాకీ చొక్కా ఆయన.

"మెట్లయితే ఏటి, ఎత్తు ఎత్తే కదా" అన్నాడు నాన్న. అమ్మ మాత్రం ప్రతిదానికీ బుద్ధిగా తలూపింది. నేను వెనకాల వెళ్తుంటే నాన్న నా మోచెయ్యి పట్టుకుని, మంచు కమ్మిందని సెప్పు, మంచుకి కనపడదని సెప్పు అని గొణిగాడు. ఆకాశం అద్దంలా ఉంది. అయినా సరేనన్నాను.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. మెట్లు గోడ వెంట గుండ్రంగా తిరుగుతూ పోతున్నాయి. అమ్మ గోడని చేత్తో తడుముతూ ముందు ఎక్కింది. మధ్య మధ్యలో చిన్న కిటికీలు వస్తున్నాయి. నేను వాటిలోంచి తొంగి చూస్తుంటే, "పైకెల్లినాకే సూడాల, తెలీదేటి" అని కసిరింది. సగంలో నిజంగానే ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆయాసం నాకు వచ్చింది, ఆవిడకి కాదు. చివర్లో నిటారుగా ఇనప నిచ్చెన ఉంది. కుచ్చిళ్ళు దోపుకుని, కొంగు నడుముకి చుట్టి, రెండు చేతులతో పట్టుకుని చకచకా ఎక్కేసింది. ముప్పయ్యేళ్ళు కింద నిలబడి చూసింది కదా, ఎలా ఎక్కాలో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పైన తలుపు తెరవగానే గాలి మొహాన కొట్టింది. అమ్మ కటకటాలు పట్టుకుని కిందికి వంగింది. వంగి, గొంతెత్తి ఒక్క కేక పెట్టింది.

"ఓ... పడతంది, తప్పుకో..."

గెల నరికే ముందు నాన్న పెట్టే కేక అది. అచ్చంగా అదే సాగదీత, అదే గొంతు. కింద ఇసకలో నాన్న కర్ర ఊతంగా రెండడుగులు పక్కకి గెంతాడు. గెంతాక తలెత్తి చూసి నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను మూడేళ్ళ తర్వాత చూశాను. మాతో పాటు పైకి వచ్చిన ఖాకీ చొక్కా ఆయన మాత్రం హడలిపోయి, ఏం పడేశారమ్మా అని అడిగాడు.

అమ్మ ముందు సముద్రం చూసింది. కాసేపే చూసింది. తర్వాత చుట్టూ తిరిగి పడమటి వైపు వచ్చి నిలబడింది. నేనూ పక్కన నిలబడ్డాను. తోటలన్నీ కింద పరుచుకున్నాయి. తుపాను మిగిల్చిన చెట్లు అక్కడక్కడా ఎత్తుగా ఉన్నాయి, మధ్యలో బోడి జాగాలు, వాటిలో పైనుంచి కంటికి ఆనని కొత్త మొక్కలు. దూరంగా మహేంద్రగిరి నీలంగా ఉంది. రావివలస లేదు. ఎండల మల్లన్న లేడు. ఆ మాటకొస్తే మా ఊరు ఏ వైపు చెట్ల కింద ఉందో కూడా తెలియడం లేదు.

నేను గొంతు సవరించుకుని, "మంచు కమ్మిందమ్మా" అన్నాను. నా మాటకి నాకే సిగ్గేసింది.

ఖాకీ చొక్కా ఆయన పాపం సాయం చేద్దామనుకున్నాడు. "ఏ ఊరు చూస్తన్నారు అమ్మా?" అన్నాడు.

"రావివలస."

"టెక్కలి అవతలదా? అది ఇక్కడ నుంచి కనపడదమ్మా. అంత దూరం ఎలా కనపడతాది? ఎంత ఎత్తెక్కినా కనపడదు."

ముప్పయ్యేళ్ళది ఒక్క ముక్కలో తేల్చేశాడు మహానుభావుడు. ఆయన మీద కోపం, టీవీ మీద కోపం, నోరు జారిన నా మీద కోపం, అన్నీ ఒకేసారి వచ్చాయి. అమ్మ వంక చూడటానికి ధైర్యం చాల్లేదు.

"తెలుసు బాబూ" అంది అమ్మ.

నేను తిరిగి చూశాను. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. కటకటాల మీద రెండు చేతులూ ఆనించి, గాలికి కళ్ళు చికిలించుకుని నిలబడి ఉంది.

"ఎప్పట్నించి తెలుసు?"

"మొదటి దింపు నాడే. మా ఇంటికి పెరడే నేదు కదే."

అవును. లేదు. అమ్మమ్మ వాళ్ళది వరస ఇల్లు, వెనక గోడ ఇంకొకళ్ళ ఇంటి గోడ. పన్నెండేళ్ళు ప్రతి వేసవికీ అక్కడికి వెళ్ళి, తడి బట్టలు గట్టు దాకా మోసిన నాకు, చదువుకున్న నాకు, ఆ సంగతి తట్టలేదు. మొదటి దింపు నాటికి నాన్న పెళ్ళిలో ఆ ఇంటి ముందరి అరుగు మాత్రమే చూశాడు. వెనక పెరడుంటుందని తనే కట్టేశాడు. అమ్మ కింద నిలబడి, లేని పెరట్లో ఆరేసిన చీర ఏ రంగుదని అడిగింది.

"మరి ఎందుకడిగేదానివి అన్నేళ్ళు?" అన్నాను.

"సెప్తుంటే బాగుండేది" అంది. పడమటికే చూస్తూ, "ఆయన సెప్పడానికి ఎతుక్కునీవోడు. నాకోసరం అంత ఎత్తున కూకుని ఎతుక్కునీవోడు. అది సాలదేటి?" అంది.

"అయితే ఇప్పుడీ లైట్‌హౌస్ ఎందుకెక్కినట్టు?"

అమ్మ నాకు జవాబు చెప్పబోయింది. అప్పుడే కిందనుంచి నాన్న గొంతు వినిపించింది. ఎదురుగాలికి సగం కొట్టుకుపోతోంది. అయినా ఆయన ఏమడిగాడో తెలిసింది. మా ఇంట్లో ఆ మాట ఆయన అడగడం అదే మొదటిసారి.

"ఒలే... ఏటి కనపడతంది?"

రెండు చేతులూ కర్ర మీద వేసి, మెడ వెనక్కి వంచి నిలబడ్డాడు. పైనుంచి చూస్తే ఎంత చిన్నగా ఉన్నాడో. తీర్పు వినడానికి నిలబడ్డ మనిషిలా ఉన్నాడు. అమ్మ వంగి, రెండు అరచేతులూ నోటికి దోసిలి పట్టింది.

"మా అమ్మ పెరట్లో బట్టలారేత్తంది బావా."

అమ్మమ్మ పోయి అప్పటికి పదిహేనేళ్ళు దాటింది. నాన్న కదల్లేదు. చాలాసేపు అలాగే తలెత్తి ఉండిపోయాడు. ఆయనకి అంతా అర్థమైందని నాకు పైనుంచే తెలిసింది. ఆవిడకి తెలుసని, ఎప్పుడూ తెలుసని, అందులో తప్పు లేదని. తర్వాత ఆయన మొహం తుడుచుకున్నాడు. చెమటో మరేమిటో ఆ ఎత్తు నుంచి చెప్పలేను. నేను మాత్రం ఏడ్చాను. ఖాకీ చొక్కా ఆయన అటు తిరిగి సముద్రం చూడటం మొదలుపెట్టాడు.

కిందనుంచి మళ్ళీ గొంతు వచ్చింది. ఈసారి గాలికి కొట్టుకుపోలేదు.

"ఇంకా?"

అమ్మ కొంగు బిగించుకుంది. నన్ను చూసి, దీనికే ఎక్కినాను అన్నట్టు తలూపింది. తర్వాత అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, ఏదెక్కడుందో తెలియని ఆ తోటల్లోకి నిదానంగా చూసింది. నాన్న చూసినట్టే చూసింది. తొందర పడలేదు, వెతుక్కుంది.

"మన తోట కనపడతంది" అని కేకేసింది. "పడమటి గట్టు మీద పెద్ద సెట్టు నిలబడే ఉన్నాది బావా. గెలలు కిందికి దిగిపోనాయి. దింపుకొచ్చీసింది, నువ్వొచ్చి కొయ్యాల."

నాన్న కర్ర లైట్‌హౌస్ గోడకి చేర్చాడు. భుజం మీది తుండు తీసి, ఒక్క దులుపు దులిపి, తలకి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండో చుట్టు, చివర లోపలికి దోపి బిగించాడు. మూడేళ్ళ తర్వాత.

అమ్మ అది చూసి నా చెయ్యి పట్టుకుని నిచ్చెన వైపు లాగింది.

"బేగి దిగు. ఉన్న మోకాలు కూడా ఇరగ్గొట్టుకునేలాగున్నాడు" అంది.